ముందుగా వచ్చిన మనిషి

మధ్యాహ్నం రెండు గంటలకు పాప పడుకున్న గదిలోకి తాచుపాము వచ్చింది.

ఆ గదిని ఆనుకున్న స్నానాల గది తూముకు జాలీ ఊడిపోయి వారమైంది. అది వచ్చిన దారి అదే.

కోడలు ఆరేసిన గుడ్డలు తీసుకుని వచ్చేసరికి పాము గుమ్మానికీ పరుపుకూ మధ్య చుట్ట చుట్టుకుని ఉంది. పరుపు నేల మీదే ఉంది. పాప నిద్రపోతోంది.

ఆమె ఒక అడుగు లోపలికి వేసింది. పాము పడగ విప్పింది. ఆమె అడుగు వెనక్కి తీసుకుంది.

“కదలకు అమ్మాయ్! కదిలితే అది పాప మీదికి పోతుంది,” అంటూ అత్తగారు వెనక నుంచి చెయ్యి పట్టుకుంది.

“ఆయనకి చెప్పారా?”

“చెప్పాను. పాములు పట్టేవాణ్ణి పంపిస్తున్నాడు. బయల్దేరాడట.”

కిటికీకి ఊచలున్నాయి. గదిలోకి ఇంకో దారి లేదు.

పాప కాలు కదిపింది. పాము తల అటు తిరిగింది.

అప్పుడు గేటు చప్పుడైంది.

వచ్చినవాడికి నలభై ఏళ్ళుంటాయి. చొక్కా నలిగి ఉంది. గొంతు సవరించుకున్నాడు.

“సార్ ఉన్నారా అమ్మా?”

“సారెందుకయ్యా? పాము లోపలుంటే సారుని పడతావా?” అత్తగారు ఎదురెళ్ళింది. “మావాడే కదా నిన్ను పంపింది!”

“పామా? నేను అందుకు కాదమ్మా...”

“అందుకూ ఇందుకూ తర్వాత! లోపల పసిపిల్ల ఉంది.”

అతను చెప్పులు విడిచాడు.

గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూశాడు. మొహంలో నెత్తురు లేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు. అది కోడలు చూసింది. అత్తగారూ చూసింది.

“ఏమయ్యా, నువ్వు పట్టేది పాముల్నా, కప్పల్నా?”

అతను వరండాలోకి వెళ్ళాడు. అక్కడున్న ప్లాస్టిక్ టబ్బులోంచి తడిబట్టలు నేల మీద కుమ్మరించాడు.

“అయ్యో, ఉతికిన బట్టలయ్యా!”

పాప కళ్ళు తెరిచింది. రెండు చేతులూ ఆడించడం మొదలుపెట్టింది.

అతను టబ్బును మోకాళ్ళకు అడ్డంగా పెట్టుకుని, గోడకు వీపు ఆనించి లోపలికి కదిలాడు. పాము టబ్బును కొట్టింది. అతను ఆగి కళ్ళు మూసుకున్నాడు. తెరిచి ఇంకో అడుగు వేశాడు. మళ్ళీ కొట్టింది. పరుపు దాకా వెళ్ళి, ఒక చేత్తో టబ్బును వదలకుండానే వంగాడు. రెండో చేత్తో పాపని దుప్పటితో సహా ఎత్తుకున్నాడు. వెళ్ళినట్టే గోడ వెంట జరుగుతూ బయటికి వచ్చాడు.

పాపని తల్లి చేతుల్లో పెట్టాడు. తలుపు మూసి, కింది సందులో తడిబట్ట కుక్కాడు. అక్కడే కూలబడ్డాడు.

కోడలు పాప ఒళ్ళంతా తడిమింది. గాటు లేదు. ఏడుస్తున్న పాపని పక్క గదిలోకి తీసుకెళ్ళి పాలిచ్చింది. గోడ అవతలి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

“కూర్చున్నావేంటి? పాము సంగతేంటి?”

“పాములు పట్టడం నాకు రాదండి. భయం.”

“భయమా! చేపకి నీళ్ళంటే భయమన్నట్టుంది! మరి లోపలికెందుకు వెళ్ళావు?”

“పసిపిల్ల ఉందన్నారుగా.”

“చాల్లే. ఇలాంటివాణ్ణి ఇంకెప్పుడూ పంపొద్దని మావాడితో చెబుతానుండు.”

“వద్దమ్మా. నేను వచ్చినట్టే చెప్పకండి.”

“అత్తయ్యా, ఆయన్ని ఉండమనండి. మంచినీళ్ళైనా ఇవ్వలేదు,” అంటూ కోడలు పాపతో బయటికి వచ్చింది.

గేటు తెరిచి ఉంది. వీధిలో ఎవరూ లేరు.

కాసేపటికి ఇంకో మనిషి వచ్చాడు. చేతిలో కొక్కెం ఉన్న ఇనప కడ్డీ, గోనెసంచి ఉన్నాయి.

“దారిలో బండి పంక్చరైందమ్మా. పాము ఏ గదిలో ఉంది?”

“ఇందాక మీ మనిషి వచ్చాడుగా?” అంది అత్తగారు.

“నాకు మనుషులెక్కడమ్మా? నేనొక్కణ్ణే.”

అత్తగారు వరండా మెట్టు మీద కూర్చుంది.

అతను పామును పట్టి సంచిలో వేసి, మూతి బిగించి కట్టాడు. టబ్బు మీద కాటు పడిన చోట రెండు విషపు మరకల్ని వంగి చూశాడు.

“పాపని తీసిందెవరు?”

“తెలీదు,” అంది కోడలు.

“కడ్డీ లేకుండా నేనైనా వెళ్ళను.”

సాయంత్రం భర్త వచ్చాడు. ఇద్దరూ ఒకేసారి చెప్పారు.

“నోటికొచ్చినట్టు అన్నానురా,” అంది తల్లి. “దేవుడిలా వచ్చినవాణ్ణి దొంగని తరిమినట్టు తరిమాను. ఎక్కడున్నాడో వెతికి తీసుకురా.”

“మనిషి ఎలా ఉంటాడు?”

“మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటాడు,” అంది భార్య.

భర్త బూట్ల లేసులు విప్పుతున్నవాడు ఆగాడు.

“ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉందా?”

“ఉంది. మీకు తెలుసా?”

అతను బండి తాళాలు తీసుకుని వెళ్ళాడు.

దీపాలు పెట్టాక తిరిగి వచ్చాడు. హెల్మెట్ చేతిలోనే ఉంది.

“అతని గదికి తాళం వేసి ఉంది. సామాను సర్దుకుని వెళ్ళిపోయాడట. ఎటు వెళ్ళాడో ఎవరికీ తెలీదు. ఫోన్ పలకడం లేదు.”

“ఎవరండీ ఆయన?”

భర్త పాప వైపు చూశాడు.

“మా గోడౌన్ వాచ్‌మన్. రాత్రి దొంగలు పడితే గదిలో గడియ పెట్టుకుని కూర్చున్నాడని, పిరికివాళ్ళు నాకొద్దని, పొద్దున నేనే పనిలోంచి తీసేశాను.”