మాస్టారు తేని బట్టలు

మాస్టారు బిస్కెట్టును టీలో ముంచాడు. జారిపడ్డ ముక్కను వేలితో తోడి నోట్లో వేసుకుని, ఆ వేలును పక్కనే ఉన్న ఇస్త్రీ చేసిన దిండు గలీబుకు తుడిచాడు.

లాండ్రీ ఆయన ఆ గలీబును తీసి ఉతికే బట్టల్లో పడేశాడు. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ లాండ్రీ వెనకగదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం నలుగురు కూర్చుంటారు. లాండ్రీ ఆయనకు భార్య పోయి ఆరేళ్లు. పోస్ట్‌మాన్‌కు మూడేళ్లు. దర్జీ అక్కకు భర్త పోయి రెండేళ్లు. భార్య పోయిందంటూ మాస్టారు వచ్చి చేరి ఎనిమిది నెలలు. పోయినవాళ్ల బట్టలు ఒంటరిగా ముట్టుకోలేక అందరూ ఇక్కడికే తెస్తారు. లాండ్రీ ఆయన ఉతికి ఇస్త్రీ చేస్తాడు. నలుగురూ కలిసి మడతపెట్టి, లేనివాళ్లకు ఇచ్చేస్తారు. ఆ మడతల దగ్గరే పోస్ట్‌మాన్ తాగుడు మానాడు. దర్జీ అక్క మళ్లీ రెండు పూటలా తినడం మొదలుపెట్టింది.

“ఈ వారమైనా ఆవిడ బట్టలు తెచ్చారా మాస్టారూ?” అన్నాడు లాండ్రీ ఆయన.

“వచ్చే వారం. చెయ్యి రావడం లేదు.” పళ్లసందులో గోరు పెట్టి తీసి, తీసినదాన్ని చూసుకున్నాడు మాస్టారు.

“ఎనిమిది నెలల్నించీ వచ్చే వారమేనా?”

“ఊరుకో అన్నయ్యా. ఎవరి బాధ వాళ్లది,” అని దర్జీ అక్క క్యారియర్ ముందుకు జరిపింది. “కూర తెచ్చానండీ.”

మాస్టారు మూత తీసి వాసన చూశాడు. “పోయినసారి ఉప్పెక్కువైందమ్మా. ఇంతేనా?”

“రెండు పూటలకి వస్తుందిగా?”

“మాస్టారికి దుఃఖమంతా పొట్టలోకి దిగింది,” అన్నాడు పోస్ట్‌మాన్. ఎవరూ నవ్వలేదు.

మాస్టారు గొంతు సవరించి, బట్టలు నానబెట్టిన తొట్టి పక్కనే ఉమ్మాడు.

లాండ్రీ ఆయన లేచి నిలబడ్డాడు. “మా ఏడుపు మీకు కాలక్షేపంగా ఉందా? కంట్లో ఒక్క చుక్క లేదు, తిండికి మాత్రం ముందుంటారు. చూస్తుంటే నాకు అసహ్యం వేస్తోంది. లేవండి ముందు!”

మాస్టారు లేచాడు. క్యారియర్ తీసుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు.

“నిరుడు మనతో కూర్చునే వాచ్‌మన్ని కూడా నువ్విలాగే కసిరావు,” అన్నాడు పోస్ట్‌మాన్, మాస్టారి ఖాళీ కుర్చీ వంక చూస్తూ. “వాడూ ఏడ్చేవాడు కాదు. మనం తలుపు పగలగొట్టేసరికి వాడు పోయి నాలుగు రోజులైంది.”

ఆ గది, ఆ ఈగలు లాండ్రీ ఆయనకు కళ్లముందు కదిలాయి. సొరుగులో చీటీలన్నీ తిరగేశాడు. మాస్టారు ఒకసారి దుప్పట్లు ఉతకమని ఇచ్చాడు, ఆ చీటీ మీద చిరునామా ఉంది. ముగ్గురూ కొట్టు మూసి బయల్దేరారు.

“ఏడవలేనివాళ్లని చూస్తేనే నాకు భయం అన్నయ్యా,” అంది దర్జీ అక్క దారిలో.

“తప్పంతా నాదేనమ్మా. ముక్కు మీద కోపం. ప్రాణాలతో ఉంటే చాలు, కాళ్లు పట్టుకునైనా తీసుకొస్తా.”

ప్రింటింగ్ ప్రెస్సు వెనక సందులో, ఇరుకు మెట్లెక్కితే ఇల్లు. మెట్ల నిండా కుళ్లు వాసన. కాలవదో మరి దేనిదో తెలియలేదు. దర్జీ అక్క ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంది. తలుపు మూసి ఉంది. కొట్టారు. చప్పుడు లేదు.

“మాస్టారూ! నాది తప్పయింది, తలుపు తీయండి!” అని అరిచాడు లాండ్రీ ఆయన. మళ్లీ బాదాడు. ఈసారీ పలుకు లేదు. పోస్ట్‌మాన్‌ను వెనక్కి జరగమని, తలుపుకు భుజం ఆనించాడు.

లోపల గడియ కదిలింది. తడిచేతులు తుడుచుకుంటూ ఒకావిడ తలుపు తీసింది.

“ఏమిటా బాదుడు? ఆయన ఇప్పుడే తిని పడుకున్నారు.”

బతికే ఉన్నాడు! లాండ్రీ ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. కళ్లనీళ్లు ఆగలేదు. దర్జీ అక్క దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

“పోన్లెండి, ఒక్కరే ఉంటారని హడలి చచ్చాం. తోడుకి మీరున్నారు, అంతే చాలు,” అన్నాడు పోస్ట్‌మాన్. “మాస్టారికి అక్కగారా?”

“అక్కనేమిటయ్యా, ముప్ఫయ్యేళ్లుగా పెళ్లాన్ని!”