ఫోటో కింది వాక్యం

"ఈ పోటోలో ఉండేది నేనేమ్మా," అంటూ మునియక్క పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది.

పుస్తకం వెనకున్న అడ్రసు పట్టుకుని, మాధవరం నుంచి కోడంబాక్కంలోని ఆ ప్రచురణ ఆఫీసుకు వచ్చిందామె.

సునయన చూసింది. నాలుగో తరగతి పాఠం, 'నీటి ఎద్దడి'. రాసింది తనే. తన ఫ్లాట్ల వెనక వీధిలో, ట్యాంకర్ దగ్గర బిందెతో నిలబడ్డ ఈ ముసలామెను ఫోటో తీసిందీ తనే.

"బాగా వచ్చారు కదండీ!"

"పోటో సరేమ్మా. కింద ఏం రాసినావో చదువు."

'నీటిని వృథా చేసేవారికి చివరికి మిగిలేది ఇదే.'

"నా మనవరాలు చదివేది ఈ పుస్తకమే. నీళ్ళన్నీ పారబోసింది మీ అవ్వే గదా అని క్లాసులో పిల్లోళ్ళు నవ్వతా ఉండారంట. బడికి పోనని ఏడస్తా ఉంది."

"మిమ్మల్ని అన్నది కాదండీ. పిల్లలకు అర్థం కావాలని..."

"నేనెప్పుడు పారబోసినానమ్మా?"

సునయన కంప్యూటర్ వైపు తిరిగింది.

"ప్రింటయిపోయింది. వచ్చే ఏడు చూద్దాం."

మునియక్క పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్న మాత్రం వెళ్ళలేదు. తను చూసిందా, ఆమె నీళ్ళు పారబోయడం? బిందె చూసింది. చిరిగిన చీర చూసింది. మిగతాది రాసేసింది.

సిగ్గు భరించలేక ఆదివారం ఆ వీధికి వెళ్ళింది.

అడుగుతూ వెళ్తే, మునియక్క ఇంటికి తాళం.

"మనవరాలిని వేరే బళ్ళో వెయ్యాలని అక్క ఇల్లు ఖాళీ చేసి ఎల్లిపోయింది. అంబత్తూరు పక్క యాడో," అంది పక్కింటి పరిమళ.

"క్షమాపణ చెప్పుకుందామని వచ్చానండీ. ఆ వెనక ఫ్లాట్లలో ఉంటాను."

పరిమళ ఆమెను ఎగాదిగా చూసింది.

"ఊరంతా నీళ్ళకు అల్లాడిన ఎండాకాలం, మీరు ఆడనే ఉంటిరా?"

"ఉన్నాం. మా పాప అప్పుడే పుట్టింది. మాకు మాత్రం కుళాయి ఆగలేదు. అసోసియేషన్ వాళ్ళు ఎక్కడో కొని ఉంటారు."

"కొన్లేదమ్మా. చంటిబిడ్డలుండారని మీవాళ్ళొచ్చి అడిగితే, అక్క తన పెరటి బావికి ఊరికే పైపు వేసుకోమనింది. ఆ బావి అడుగంటినాకనే ఆయమ్మ బిందె పట్టుకుని వీధిలోకొచ్చింది."