చీర లేని పరీక్ష

"కదలకుండ్రి సారూ, బర్రె పాలు చేపుతాంది!" పక్కింటి కన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పోయిన నెల కన్నుమూసిన భార్య యశోద చీర చుట్టుకుని, సైన్సు మాస్టారు భిక్షమయ్య పాలు పితుకుతున్నాడు. ఆమె పోయిన నాటి నుంచి బర్రె ఆయన్ని పొదుగు ముట్టనివ్వలేదు. ఈ రోజూ పాలివ్వకపోతే జూలూరుపాడు అంగడికి తోలి అమ్మేయమని బంధువులు తేల్చి చెప్పారు. ఆయన రోజుకొకటి మార్చి చూశాడు. చెంబు మార్చాడు, వేళ మార్చాడు, ఆఖరికి యశోద పాడే పాట కూడా పాడాడు.

ఇప్పుడు చెంబు నిండుతోంది.

"నే చెప్పలే? అంత చీర మహిమే!"

"అప్పుడే తేల్చొద్దు కన్నమ్మా. వారం సంది పక్కనే కూసుంటున్న, నాకే అలవాటు పడ్డదేమో. రేపు చీర లేకుండ పితికి చూడాలె."

"లేకున్నా ఇస్తే?"

"ఇగ చీరతోని పనిలేదన్నట్టు."

ఆ మాట అనేశాక ఆయన చేతులు ఆగిపోయాయి. బర్రె తల తిప్పి చూసింది. జారుతున్న కొంగును ఆయన భుజం మీదికి లాక్కున్నాడు.

"రేపు వద్దులే. ఆ పరీక్ష కొన్నాళ్లు ఆగి చేద్దాం."

కన్నమ్మ నవ్వు ఆపి చెంబు అందుకుంది.

"అవ్ సారూ, అంత జల్దీ ఏముంది? రేపు కుచ్చిళ్లు నేను సరిజేస్త."