శశిరేఖ బొమ్మ మీది దీపం

విశాఖలో నెలకోసారి గ్యాలరీలన్నీ కొత్త బొమ్మలతో తెరుచుకునే సాయంత్రం అది. అక్కడ ప్రతి బొమ్మ మీదా ఒక దీపం ఉంటుంది; చూసేవాళ్ల మనసు కదిలితేనే అది వెలుగుతుంది. మొహమాటపు మెప్పులకు లొంగదు. హైమవతి ఆడపడుచు శశిరేఖ వేసిన బొమ్మ మాత్రం చీకట్లోనే ఉండిపోయింది.

చిన్నబోయిన శశి మొహం చూడలేక, ఎలాగైనా దీపం వెలిగించాలని హైమవతి ఆ బొమ్మ ముందు నిలబడి, చనిపోయిన తన తల్లిని తలుచుకుంది. ఆసుపత్రిలో ఆవిడ గుక్కెడు కాఫీ అడిగితే, డాక్టరు వద్దన్నాడని తను ఇవ్వలేదు. అదే ఆఖరి కోరిక అయింది.

దీపం ఒక్కసారిగా వెలిగింది. జనం మూగారు.

శశి పరుగున వచ్చి వాటేసుకుంది. "ఇంక నాకు నమ్మకం కుదిరింది వదినా! రేపే ఉద్యోగం మానేసి బొమ్మలే వేసుకుంటాను."

హైమవతి గుండె కలుక్కుమంది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది. ఆ బాధకే దీపం మరింత పెద్దదైంది.

"చూశావా!" అంది శశి, మురిసిపోతూ.