చేపల ముసలాయన

"నీ పేరేంటి?" అరబీలో అడిగాడు ముసలాయన.

యాదగిరి ఒక అడుగు వెనక్కేశాడు.

"ఎల్లన్న," అనేశాడు తడుముకోకుండా.

సౌదీలోని ఖతీఫ్ ఖర్జూర తోటలో దాక్కుని బతికేవాడికి సొంత పేరు చెప్పుకునే యోగం ఎక్కడిది! సౌదీవాళ్లకే ఉద్యోగాలనే నితాఖత్‌తో సగం, పరాయి దేశం కూలీల మీద వేసే లెవీలతో సగం చితికి, అతను పనిచేసే దుకాణం మూతపడింది. వీసా ఇచ్చిన కఫీల్, ఆ దుకాణం యజమానే, పోలీసులకు పట్టిస్తాడని ఎవరో చెబితే, చెప్పాపెట్టకుండా పారిపోయి వచ్చాడు. దుకాణమంతా మేనేజరే చూసుకునేవాడు, ఆ కఫీల్ ముఖం ఎన్నడూ చూసింది లేదు.

ముసలాయన ఇంకేదో అడగబోయాడు.

"అరబీ రాదు," అని చెయ్యి ఊపేశాడు యాదగిరి. ఇన్నేళ్లుగా నేర్చుకున్న భాషంతా మింగేశాడు.

ముసలాయన వెళ్లిపోలేదు. కాలువ గట్టున కూర్చుని నీళ్లలోకి చూశాడు.

ఊట తగ్గి కాలువ గుంటలు గుంటలుగా మిగిలింది. వేలి కణుపంత చేపలు. మగవాటికి పసుప్పచ్చ తోకలు. ఆడవి నాచు పోగులకు గుడ్లు అంటిస్తున్నాయి. ఉప్పుకూ ఎండకూ ఓర్చుకునే జాతే, కానీ నీళ్లే లేకపోతే ఏం చేస్తాయి పాపం!

మర్నాడు ఆయన బకెట్ తెచ్చాడు. చేపల్ని పట్టి, పైన ఊట దగ్గర వదలసాగాడు. చెయ్యి నీడ పడితే చాలు, అవి చెల్లాచెదురై బురదలో దూరేవి.

"పిచ్చిమొహాల్లారా, నీళ్ల దగ్గరికే కదా తీసుకుపోయేది!" అని అరబీలో విసుక్కునేవాడు.

యాదగిరికి నవ్వొచ్చేది. అర్థమైందని తెలియకూడదని తల తిప్పుకునేవాడు.

తర్వాత తనూ ఓ బకెట్ పట్టాడు. మాటా పలుకూ లేదు. అయినా ఆయన రాక కోసమే పొద్దంతా ఎదురుచూసేవాడు. ఆ తోటలో అతనికి ఇంకెవరున్నారు!

"ఎప్పుడొస్తవయ్యా?" అని సంధ్య ఫోన్‌లో అడిగేది.

పెళ్లానికి ఏం చెబుతాడు? కఫీల్ ఎగ్జిట్ వీసా ఇస్తే తప్ప దేశం దాటలేడు.

ఓ వారం ముసలాయన రాలేదు. ఆఖరి గుంట ఎండిపోతుంటే, మిగిలిన చేపలన్నీ యాదగిరి ఒక్కడే మోశాడు. ఆయనకు చూపించాలని ఎంత ఆరాటమో!

నీళ్ల ట్యాంకర్ తోలే నిజామాబాద్ అబ్దుల్ ఘనీ బండి ఆపాడు.

"ఎల్లన్నా, ఆ చేపల ముసలాయన పోయిండే."

యాదగిరి బకెట్ కింద పెట్టాడు.

"అయ్యో! ఎవలే ఆయన? పేరు సుత అడగలే నేను."

"మంచి మనిషే పాపం. మొదలు ఆయన ఈడికొచ్చింది చేపల కోసం కాదు. ఆయన దుకాణంల చేసినోడు భయపడి ఉరికిండట. వాణ్ణి ఇంటికి పంపాలని, ఎప్పటిదో పాత ఫోటో ఉన్న వాని పాస్‌పోర్టు జేబుల వెట్టుకొని తోట తోట తిరిగిండు. ఇప్పుడు కొడుకులు వాని మీద పారిపోయిండని కేసు వెట్టిన్రట... యాదగిరి అనేటోడు నీకేమన్న ఎర్కేనా, ఎల్లన్నా?"