చివరి అంకె

"అమ్మా, నా కొట్టు మళ్ళీ మాయమైపోయింది!"

గురువారం, నాలుగు దాటి అయిదు నిమిషాలు. ఎవరని అడగక్కర్లేదు. బూట్లు కుట్టే బాబాయి.

"కంగారు పడకండి బాబాయిగారూ, నేను చూస్తాను" అంది ఆమె. గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడకపోతే మొదటి మాట గరగరలాడుతుంది.

ఆన్‌లైన్ దుకాణాలకి డొమైన్ పేర్లు ఇచ్చే కంపెనీలో ఆమె టెక్నీషియన్. ఆఫీసంటూ ఏమీ లేదు. మూడో అంతస్తులో ఒంటి గది, కిటికీ పక్కన బల్ల, దాని మీద రెండు స్క్రీన్లు. ఖాతాదారులు టైపు చేసి అడుగుతారు, ఆమె టైపు చేసి జవాబిస్తుంది. ఫోన్లు ఎత్తే వంతు మాత్రం వారానికొక్కసారి, గురువారం. తక్కిన ఆరు రోజులూ ఆ గదిలో నోరు విప్పేది కుక్కర్ ఒక్కటే.

ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకీ, పాదం వంకరైనవాళ్ళకీ కొలత ప్రకారం బూట్లు కుట్టడం బాబాయి పని. నలభై ఏళ్ళు ఒక సందులో కూర్చుని కుట్టాడు. ఆ సందుదాకా నడిచి రాలేనివాళ్ళ కోసం ఈమధ్యే ఆన్‌లైన్‌లో కొట్టు పెట్టాడు. టైపింగ్ రాదు. మొదటి రోజు ఆమే రెండు గంటలు ఫోన్లో ఉండి సెట్టింగులన్నీ చేసిపెట్టింది. ఆయన పాస్‌వర్డ్ కూడా అక్షరం అక్షరం చదివి చెప్పేశాడు.

"అయ్యో, అది ఎవరికీ చెప్పకూడదండీ! ముందు మార్చేసుకోండి."

"నువ్వెవరో పరాయిదానివైతే కదమ్మా!" అని నవ్వాడాయన.

ఆ తర్వాతి గురువారం నుంచే మొదలైంది ఈ తంటా. ఇది ఆరోసారి.

"మీ కొట్టు పేరు వెనక ఒక అంకెల చిరునామా ఉంటుంది బాబాయిగారూ. చివర ఏడు ఉండాల్సిన చోట ఒకటి ఉంది. జనం మీ గుమ్మం వదిలేసి ఎక్కడో ఖాళీ స్థలంలో నిలబడుతున్నట్టు లెక్క."

"నేను వేలు కూడా పెట్టలేదే!"

"తెలుసండీ. సరిచేశాను. కానీ ఈ సంగతి అన్ని చోట్లకీ పాకడానికి గంట పడుతుంది."

ఆ గంట గడిచాక మళ్ళీ చూసుకోమని చెప్పి ఫోన్ పెట్టేయాలి. అది రూలు. ఆమె ఏనాడూ పెట్టలేదు. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టుకుని పని చేసుకునేవాడు. సుత్తి చప్పుడు వినిపించేది. వెనక మనవల గోల, కోడలి కేకలు, ఎవరో తలుపు ధడాలున వేసిన మోత. ఆమె హెడ్‌సెట్ చెవికి అదుముకుని అవన్నీ వినేది.

"మడమ కింద ఎత్తు ఎంత పెట్టినా పైకి కనపడకూడదమ్మా. అదీ పనితనం! ఇంతకీ భోంచేశావా?"

"చేశానండీ."

"అబద్ధం. గొంతులోనే తెలిసిపోతోంది. పోయి తిను. నా కొట్టు ఎక్కడికి పోతుంది... ఓహో, పోయే ఉందిగా!"

ఆమె పగలబడి నవ్వింది.

ఆమె ఇంకా లైన్లో ఉండగానే స్క్రీన్ మీద సూపర్‌వైజర్ సందేశం మెరిసింది. "ఆరు గురువారాలు! రికార్డు చూశాను. మార్పులన్నీ ఆయన పాస్‌వర్డ్‌తోనే జరిగాయి. ముసలాయన కబుర్లకి అలవాటు పడి తనే కెలుకుతున్నాడు. తోడు లేనివాళ్ళు ఇలాంటివి చేస్తారు."

"ఆయన అలాంటి మనిషి కాదు" అని టైపు చేసింది.

"మరి దెయ్యం చేసిందా?"

ఆమె ఆ సందేశం మూసేసింది.

ఫోన్లో సుత్తి చప్పుడు ఆగింది. "ఒక మాట అమ్మా" అన్నాడు బాబాయి, గొంతు తగ్గించి. "నిన్న ఒకావిడ ఫోన్ చేసింది. ఆరేళ్ళ పాప, ఎడమకాలు పొట్టి. బడి తెరిచేలోగా బూట్లు కుట్టిద్దామని మూడు వారాల కిందట గురువారం నా కొట్టు కోసం వెతికిందట. ఎన్నిసార్లు చూసినా తెరుచుకోకపోతే, ఎత్తేశారేమో అనుకుందట. పాప మామూలు బూట్లతోనే బడికి వెళ్ళింది. మెట్ల మీద తూలి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది."

ఆమె హెడ్‌సెట్‌ని చెవి నుంచి కాస్త పక్కకి జరిపింది.

"ఆవిడ తిట్టినా బాగుండేది. మీ కొట్టు ఇంకా ఉందా అండీ అని మాత్రం అడిగింది. రాత్రంతా కునుకు పట్టలేదు నాకు... అమ్మా? లైన్లో ఉన్నావా?"

"ఉన్నానండీ."

"నీ తప్పేముందిలే! నువ్వు లేకపోతే ఈపాటికి మూసేసుకుని కూర్చునేవాణ్ణి."

కొట్టు తెరుచుకునేసరికి అయిదయింది. ఆ రోజు ఫోన్ ముందుగా పెట్టేసింది ఆమే.

మళ్ళీ గురువారం వచ్చింది. మూడింటికే హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చుంది. నాలుగయింది. నాలుగుంపావు. ఎవరో ఒకాయన ఫోన్ చేసి, రెండు నిమిషాలు అరిచి, పెట్టేశాడు. కింద వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. అయిదయింది.

ఉండబట్టలేక బాబాయి కొట్టు తెరిచి చూసింది. ఠక్కున తెరుచుకుంది. పైనే కొత్త ఫొటో. అరచేతిలో ఇమిడేంత ఎర్ర బూట్లు, ఒక జత. ఏది ఎత్తు బూటో ఎంత చూసినా పోల్చుకోలేకపోయింది.

ఆరింటికి డ్యూటీ అయిపోయింది. ఫోన్ మోగలేదు. మోగదని ఆమెకు తెలుసు.

ఆరు గురువారాల తర్వాత మొట్టమొదటిసారి, ఆ మధ్యాహ్నం ఆమె బాబాయి ఖాతాలోకి వెళ్ళి ఆ ఏడుని ఒకటి చెయ్యకుండా ఊరుకుంది.