చేతికందిన అణువు

బల్లమీద స్టూలు, స్టూలుమీద టీచరు. ప్రొజెక్టరు కింద అట్టముక్క దోపుతుంటే గుమ్మం దగ్గర ఎవరో చిన్నగా దగ్గారు.

చూస్తే ఒక పెద్దావిడ. భుజాన గుడ్డసంచీ. పరిశోధనాలయం నుంచి వస్తున్నానని చెప్పి, ఒక మందు అణువు బొమ్మ ఫైలున్న పెన్‌డ్రైవు అందించింది.

టీచరుకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ఫైలు కోసం పరిశోధనాలయానికి ఎన్ని మెయిళ్లు పెట్టిందో! చివరికి సిగ్గు విడిచి, ఆ మందుతోనే తన కూతురు బతుకుతోందని కూడా రాసింది. పోస్టులో పంపుతామన్నారు. ఇవాళ్టిదాకా అతీగతీ లేదు. పాపం, ఆఫీసులో పనిచేసే మనిషిని పంపినట్టున్నారు అనుకుంది.

"చాలా శ్రమ తీసుకున్నారండీ. ఉండి చూసి వెళ్లండి."

"ఉండనిస్తావా అమ్మా? చూద్దామనే వచ్చాను," అంటూ పెద్దావిడ వెనక బెంచీలో సర్దుకుని కూర్చుంది.

ఆ గది కోసం టీచరు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. విరిగిన కుర్చీలు పడేసే కొట్టుగదిని హెడ్మాస్టరును బతిమాలి తీసుకుంది. రెండు ప్రొజెక్టర్లు ఒకదానిమీద ఒకటి నిలబెట్టింది. ఒకటి ఎడమకంటికి కనిపించే బొమ్మ వేస్తుంది, రెండోది కుడికంటికి కనిపించేది. వాటి ముందు వేరువేరు కోణాల్లో, వెలుగును ఒక్క దిశలోనే పోనిచ్చే ధ్రువణ పత్రాలు. అవే పత్రాలు అతికించిన అట్ట కళ్లజోడు పెట్టుకుంటే ఏ కంటి బొమ్మ ఆ కంటికే చేరుతుంది. చదునైన బొమ్మ లేచొచ్చి గాలిలో నిలబడుతుంది.

మొదట తెల్లగోడమీద వేస్తే రెండూ కలగాపులగమయ్యాయి. చెక్కపలకకు వెండిరంగు పూస్తేగాని దారికి రాలేదు. రంగు ఆమె గోళ్లకింద ఇంకా అలాగే ఉంది.

ఇంత తాపత్రయమూ కూతురి కోసమే.

ఆ పిల్లను అందరూ పిచ్చుక అంటారు. ఇంట్లో నోరు మూతపడదు. బళ్లో మాత్రం పెదవి విప్పదు. పుట్టుకతో వచ్చిన రక్తలోపం. రోజూ మధ్యాహ్నం ఒక మాత్ర పడకపోతే మంచం దిగలేదు. తోటివాడెవడో 'మాత్రల డబ్బా' అని పేరు పెట్టాడు. అప్పట్నుంచి మాత్రను గుప్పిట్లో దాచుకుని, మూలకెళ్లి గోడవైపు తిరిగి మింగుతుంది.

ఇవాళ తెరమీద పడబోయేది ఆ మాత్రలోని అణువే. ఆ సంగతి కూతురికి కూడా చెప్పలేదు.

పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. హెడ్మాస్టరు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇవాళ కుదరకపోతే ఇది మళ్లీ కొట్టుగదే అని ఆయన ముందే తేల్చేశాడు.

కళ్లజోళ్లు పంచుతూ టీచరు వెనక బెంచీదాకా వచ్చింది.

"నాకొద్దులే అమ్మా. నాకు ఒక కన్నే పనిచేస్తుంది. దీనికి రెండూ కావాలిగా," అంది పెద్దావిడ.

టీచరు మనసు చివుక్కుమంది. పిచ్చుకను పిలిచి, బామ్మగారి పక్కన కూర్చుని ఏది ముందుకొచ్చిందో, ఏది వెనక్కి వెళ్లిందో చెప్పమంది.

లైట్లు ఆరాయి. రెండు బొమ్మలూ చెరో దారి పట్టాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. టీచరు మర తిప్పింది. ఇంకాస్త తిప్పింది.

బొమ్మమీద బొమ్మ కూర్చుంది.

అణువు తెర విడిచి పిల్లల మధ్యకు వచ్చేసింది. అందరూ చేతులు చాచారు. ఎవరూ చూడటం లేదనుకుని హెడ్మాస్టరు కూడా ఒక చెయ్యి చాచాడు.

టీచరు మందు పేరు చెప్పింది.

వెనక బెంచీలో అప్పటిదాకా గుసగుసగా నడుస్తున్న పిచ్చుక గొంతు టక్కున ఆగింది. తప్పు చేశానా అనుకుంది టీచరు.

పిచ్చుక లేచి నిలబడింది.

"ఇది నా మాత్ర. రోజూ నేను వేసుకునేది ఇదే."

ఎవరూ నవ్వలేదు.

"ఇంత అందమైనదాన్ని మింగేస్తావా?" అన్నాడు, పేరు పెట్టినవాడే.

ఇక పిచ్చుకకు పట్టపగ్గాల్లేవు. పెద్దావిడ వేలు పట్టుకుని గాలిలో తిప్పుతూ, ఈ ఉంగరం మన ముక్కుదాకా వచ్చిందనీ, ఈ తోక అవతలికి వంగిందనీ, ఈ ఎర్ర ఉండ ఒక్కటీ పైకి లేచిందనీ పాఠం చెప్పసాగింది. టీచరు తెరవైపు చూడటం మానేసి కూతుర్నే చూస్తూ నిలబడింది.

"ఆ ఎర్రదాని పక్కన ఖాళీ ఉందా తల్లీ?" అడిగింది పెద్దావిడ.

"ఉంది బామ్మగారూ. నా వేలు పట్టేంత."

"అలాగా," అని ఆవిడ చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు.

క్లాసు అయ్యాక, గది ఇక మీదేనన్నాడు హెడ్మాస్టరు. పిల్లలు టీచరును చుట్టుముట్టి రేపేం చూపిస్తారని ఊపిరాడనివ్వలేదు. ఆ సందడిలో పెద్దావిడ పిచ్చుక తల నిమిరి, వెళ్లొస్తానని చెప్పి వెళ్లిపోయింది. గ్లాసుడు మంచినీళ్లయినా ఇవ్వలేకపోయానే అని టీచరు నొచ్చుకుంది.

సాయంత్రం పరిశోధనాలయానికి ఫోన్ చేసింది. సమయానికి మనిషితో ఫైలు పంపినందుకు కృతజ్ఞతలు చెప్పింది. చెప్పకుండా ఉండలేక, వచ్చినావిడకు మా అమ్మాయి అణువంతా విప్పిచెప్పిందండీ అని కూడా అంది. గర్వం గొంతులో దాగలేదు.

అవతలి గొంతు సరిదిద్దింది.

"మేమెవర్నీ పంపలేదండీ. ఆవిడే మీ మెయిలు చదివి, ఆ పిల్లను చూసొస్తానని ఫైలు తనే తీసుకుని బయల్దేరారు."

ఎవరావిడ అని అడిగింది టీచరు.

పిచ్చుక వేలు పట్టి చూపించిన ఆ అణువును, ప్రయోగశాలలో ఒక కన్ను పోయినా పట్టు వదలకుండా, లోకంలో మొట్టమొదట తయారుచేసింది ఆవిడే.